కిటికీలోంచి పారేసిన ఆకు

2024 డిసెంబరు 4వ తేదీ, బుధవారం, పొద్దున్న 7 గంటల 27 నిమిషాలు. నిమిషాలతో సహా ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నావయ్యా అంటారేమో. మరునాడు పత్రికలో చదివి చెబుతున్నాను. ఆ క్షణాన గడియారం చూసే స్థిమితం నాకెక్కడిది? కరీంనగర్‌లో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాను. కప్పులో చాయ్ తనంతట తాను వణికింది. వణికింది నా చెయ్యేమోనని మొదట హడలిపోయాను. డెబ్బై దాటినవాడికి ముందుగా వచ్చే అనుమానం అదే కదా! అంతలో వంటింటి గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి తట్టుకుని గలగలమన్నాయి.

"ఎలుకలు!" అన్నది లోపలినుంచి మా ఇంటావిడ. ఆమెకు లోకంలో ఏ చప్పుడు విన్నా ఎలుకలే.

"ఎలుకలు కాదు నానమ్మా, భూకంపం!" అని అరుస్తూ మా మనవరాలు వాకిట్లోకి ఉరికివచ్చింది. ఏడో తరగతి చదువుతున్నది. మొహంలో భయం లేదు సరికదా, బతుకమ్మ పండుగ మళ్ళీ వచ్చినంత సంబరం ఉన్నది.

ములుగు అడవుల్లో పుట్టి, హైదరాబాదు దాకా తెలిసిన కదలిక అది. తీవ్రత 5.3. నాలుగు క్షణాల్లో అంతా సద్దుమణిగింది. చాయ్ చల్లారిపోయింది. కాని మనవరాలు మాత్రం చల్లారలేదు.

"తాతా, భూకంపాలు హిమాలయాల దగ్గర వస్తాయి, జపానులో వస్తాయి అని మా పుస్తకంలో ఉన్నది. మన దగ్గరికి ఎందుకొచ్చింది?"

నేను 1977 నుంచి 2011 దాకా, 34 ఏళ్ళు, బళ్ళో సామాన్యశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉన్నది. ఉన్నదని తెలిసినప్పుడు సంతోషం కలగాలి కదా? నాకు సంతోషం కలగలేదు. అదే ప్రశ్న, ఇంచుమించు అదే వయసున్న మరొక పిల్లవాడు చాలా ఏళ్ళ కిందట నా ముందు పెట్టాడు. ఆనాడు నేను చేసిన పని గుర్తుకొచ్చి చాయ్ కప్పు పక్కన పెట్టేశాను.

ముందు మనవరాలికి చెప్పిన జవాబు మీకూ చెబుతాను. తరువాత ఆ సంగతి.

మన గోదావరి ఆ దారినే ఎందుకు పారుతున్నదో ఎప్పుడయినా ఆలోచించారా? దాదాపు 30 కోట్ల సంవత్సరాల కిందట మన నేల నెర్రె బారింది. ఆదిలాబాదు నుంచి భద్రాచలం దాకా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, రెండు పక్కలా గట్టి బండ నిలబడి ఉండగా మధ్య నేల కుంగడం మొదలుపెట్టింది. ఒక్కనాటితో అయింది కాదు. కోట్ల ఏళ్ళు కుంగుతూనే ఉన్నది. కుంగినకొద్దీ ఏరులు వచ్చి ఇసుకా, ఒండ్రూ తెచ్చి నింపుతూనే ఉన్నాయి. ఆ నింపుడు మూడు కిలోమీటర్ల మందానికి పైగా పేరుకున్నదట. ప్రాణహితా గోదావరీ ఇవ్వాళ పారుతున్నది ఆ పాత గాయం మీదనే. ఇక మన దేశమంతా కలిసి ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున, అంటే ఇంచుమించు గోరు పెరిగే వేగంతో, ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతున్నది. ఆ నెట్టుడుకు పాత గాయాలు అప్పుడప్పుడూ సలుపుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర ఇట్లాగే సలిపింది. మొన్న ములుగులో సలిపింది.

"అంటే మనం గాయం మీద కూచున్నామా?" అన్నది మా పిల్ల, అరుగు మీదినుంచి కాళ్ళు పైకి తీసుకుంటూ.

కాదు, మనం ఒడ్డున కూచున్నాం. కరీంనగర్ చుట్టూ ఉన్న గుట్టలు ఆ గట్టి బండ తాలూకువి. సుమారు 250 కోట్ల ఏళ్ళ వయసు వాటిది. భూమి వయసే 454 కోట్లు అనుకుంటే సగం పైచిలుకు. ఆ బండనే కోసి, నునుపు పట్టి, 'టాన్ బ్రౌన్' అని పేరుపెట్టి దేశదేశాలకు ఓడల మీద పంపుతున్నారు. ఏ ఊళ్ళో ఏ ఇల్లాలు దానిమీద ఉల్లిపాయలు తరుగుతున్నదో! నా చిన్ననాడు చూసిన గుట్టల్లో కొన్ని ఇప్పుడు లేవు. 250 కోట్ల ఏళ్ళు ఎండకూ వానకూ నిలిచిన గుట్ట, మనిషి చేతికి ఇరవై ఏళ్ళు నిలవలేదు. సరే, అది వేరే కథ.

ఇక నా సంగతి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆదిలాబాదు జిల్లాలో, బెల్లంపల్లి వైపు, ఒక బొగ్గుబాయి ఊరి బడికి వేశారు. ఆ జిల్లా ఇప్పుడు నాలుగు జిల్లాలయింది. ఊరు మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. బడి పేరు రాయను. ఆ బడి తప్పేమీ లేదు గనుక దాన్ని ఇందులోకి లాగడం న్యాయం కాదు. నా క్లాసులో సగంమంది బాయిపనివాళ్ళ పిల్లలు. మొదటి షిఫ్టు సైరను కూస్తే లేచేవాళ్ళు. నిక్కరు జేబుల్లో ఎప్పుడూ ఇంత బొగ్గు పొడి ఉండేది.

బొగ్గును మన పాతవాళ్ళు 'రాక్షసిబొగ్గు' అన్నారు చూశారూ, చిన్నప్పుడు ఆ మాట విని, రాక్షసుల శవాలు కాల్చగా మిగిలినదే కాబోలు అనుకునేవాణ్ణి. బి.ఎస్సీ. చదివాక ఆ నమ్మకం పోయింది. దాని స్థానంలోకి మరేదీ రాలేదు. 'పురాతన కాలమున వృక్షములు భూమిలో కూరుకుపోయి బొగ్గుగా మారినవి' అన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యాన్నే ఏటేటా పిల్లలకు అప్పజెప్పాను. ఏ వృక్షములు? ఎక్కడ? ఎప్పుడు? పిల్లలు అడగలేదు. నేను అడగనివ్వలేదు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

1979లో ఒకరోజు. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు. కొత్త ఉపాధ్యాయుడికి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మీ ఇళ్ళలో ఎవరయినా పంతుళ్ళుంటే అడగండి. మేజా మీద ఉతికిన గుడ్డ పరిచాను. నల్లబల్ల మీద రంగు సుద్దలతో శిలల రకాలు వేశాను. ఒక మూల శిలాజం బొమ్మ. రాయి గీసి అందులో ఆకు గీశాను. మామిడాకు. అంతకంటే నాకు గీయడం రాదు.

గంట కొట్టగానే మూడో బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ నోరెత్తని రకం. చొక్కా కింద దాచుకున్నదేదో తీసి మేజా మీద పెట్టాడు. అరచెయ్యంత నల్లటి రాతిపలక.

"సార్, ఇగో, గిది సూడుండ్రి. బండల ఆకు ఉన్నది. గిది ఏం చెట్టు ఆకు సార్?"

నేను రాయి చూడలేదు. ఉతికిన గుడ్డ మీద పడిన నల్లటి మరక చూశాను. వరండాలో చెప్పుల చప్పుడు వినపడుతున్నది. "క్లాసుకు రాళ్ళు రప్పలూ తెస్తావురా? అవతల పెద్దసారు వస్తుంటే!" అని ఆ పలక తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాను. పిల్లలు నవ్వారు. వాడు వెళ్ళి కూచున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, నల్లబల్ల మీది మామిడాకును చూసి, "బోధనోపకరణాలు బాగున్నాయి" అని రాసి వెళ్ళారు.

అబద్ధమెందుకు, ఆ సాయంత్రానికల్లా నేను ఆ రాయి సంగతి మరచిపోయాను.

1996లో మంచిర్యాల రైల్వేస్టేషనులో కాజీపేట బండి కోసం కూచుని ఉండగా, ముప్ఫైకి దగ్గరపడుతున్న మనిషి ఒకడు వచ్చి వంగి దండం పెట్టాడు. "బాగున్నరా సార్? నన్ను గుర్తుపట్టిన్రా?" అన్నాడు. పట్టలేదు. "బండల ఆకు తెచ్చిన సార్" అన్నాడు నవ్వుతూ. అప్పుడు గుర్తొచ్చింది. పదో తరగతితో చదువు మానేసి, కొన్నాళ్ళకు తండ్రి ఉద్యోగంలో బాయిలో చేరాడట. బండి గంటన్నర ఆలస్యం. చాయ్ తెప్పించాడు. మాటల్లో నేనే ఎత్తాను, ఆ రాయి ఎక్కడిదిరా అని.

"మా నాయిన మీద పడ్డ బండల ముక్క సార్ అది."

బాయిలో పైకప్పు ఊడి తండ్రి కాలు మీద పడింది. తోటివాళ్ళు బండ పగులగొట్టి మనిషిని బయటికి లాగారు. పగిలిన బండలో ఆకు అచ్చు కనపడితే, ఆ నొప్పిలో కూడా తండ్రి దాన్ని దగ్గర పెట్టుకున్నాడట. మంచిగున్నదని! దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, మంచంలో పడుకుని దాన్ని తిప్పి తిప్పి చూసేవాడట. ఇరవై ఏళ్ళు బొగ్గు తవ్వినవాడు, ఆ బొగ్గు ఏ చెట్టుదో ఎవరూ చెప్పలేదు. "మీ సారును అడుగుమని నాయినే పంపిండు సార్. ఏం చెట్టు ఆకో సారుకు ఎరికె ఉంటదని."

"ఇంటికి పోయి ఏం చెప్పినావురా?"

"సారు రేపు చెప్తనన్నడు అని చెప్పిన."

తరువాత తండ్రి రెండు మూడుసార్లు అడిగాడట. తరువాత అడగడం మానేశాడట. "పోయి రెండేండ్లయింది సార్" అన్నాడు. కోపం లేదు మనిషిలో. తానే బాయి సంగతులు చెప్పాడు. ఆకులున్న బండ పొరలు పొరలుగా లేస్తుందనీ, పైకప్పులో ఆకులు కనపడితే దానికింద నిలబడవద్దని పాతవాళ్ళు తనకు నేర్పారనీ. ఆకు అందంగా ఉంటుంది, కాని దానికింద నిలబడరాదు. ఆ మాట నా ముప్ఫై పాఠాల పెట్టు.

బండి వచ్చేలోగా అడిగాడు: "ఇంతకూ గది ఏం చెట్టు సార్?"

నాకు తెలియదు. పదిహేడేళ్ళ తరువాత కూడా తెలియదు. "రేపు చెబుతాను" అనడానికి కూడా నోరు రాలేదు.

ఆ తరువాతయినా వెంటనే తెలుసుకున్నానా అంటే, లేదు. మనిషి బద్ధకం మామూలుది కాదు. 2001 చలికాలంలో పిల్లలను హైదరాబాదు విహారయాత్రకు తీసుకుపోయాను. చార్మినారు, జంతుప్రదర్శనశాల అయ్యాక బిర్లా సైన్స్ సెంటరు. అక్కడ ఏడాది కిందటే రాక్షసిబల్లుల ప్రదర్శనశాల తెరిచారు. లోపల ఒక మహాకాయం అస్థిపంజరంగా నిలబడి ఉన్నది. తోక ఈ గోడకు, మెడ ఆ గోడకు. పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. ఒక పిల్లవాడు కూడబలుక్కుని చదివి, "సార్, యామనపల్లి అంటే మా అమ్మమ్మోళ్ళ దిక్కు ఊరే!" అన్నాడు.

నిజమే. ప్రాణహిత ఒడ్డుకు దగ్గర, అప్పటి ఆదిలాబాదు జిల్లాలో ఊరు. భూగర్భ సర్వే శాఖకు చెందిన పి. యాదగిరిగారు 1970లలో అక్కడ తవ్వించి, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు, వందల కొద్దీ వెలికి తీశారు. 1988లో దానికి ఆ ఊరి పేరే పెట్టారు. పుర్రె దొరకలేదు, పళ్ళు మాత్రం దొరికాయి. సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి శాకాహారి. అంతకు ముందే, 1961లో, నదికి అవతలి ఒడ్డున సిరొంచ వైపు పోచంపల్లి దగ్గర కలకత్తా గణాంక సంస్థవాళ్ళు ఇంకొక దాన్ని కనిపెట్టారు. అది రవీంద్రనాథ టాగోరు శతజయంతి సంవత్సరం గనుక, పెద్ద కాళ్ళ బల్లి అనే అర్థం వచ్చేటట్టు బారాపాసారస్ టాగోరై అన్నారు.

నేను మాత్రం, యామనపల్లిలో ఆ ఎముకలు బయటపడుతున్న రోజుల్లోనే, ఒక పూట బస్సు దూరంలో ఉన్న బడిలో నిలబడి, 'రాక్షసిబల్లులు అమెరికాలో ఉండేవి' అని చెబుతూ ఉన్నాను!

ఆ రాత్రి సత్రంలో నిద్ర పట్టలేదు. తిరిగివచ్చాక గ్రంథాలయాల వెంట పడ్డాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో మొదలుపెట్టిన చదువు ఇది.

ఆ ఆకు పేరు గ్లాసాప్టెరిస్. గ్రీకు భాషలో 'గ్లాసా' అంటే నాలుక. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది, మధ్య నరం, రెండు పక్కలా వల అల్లినట్టు ఈనెలు. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. సుమారు 28 కోట్ల ఏళ్ళ కిందట మన గోదావరి పల్లంలో, చిత్తడి నేలల్లో అడవులుగా పెరిగింది. దాని అడుగున ఇంకా పాత పొర ఒకటి ఉన్నది. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన బండరాళ్ళూ మట్టీ కలిసిన పొర. అంటే రామగుండం ఉన్న లోయలో ఒకప్పుడు మంచు! మే నెలలో రామగుండంలో రైలు దిగినవాళ్ళెవరయినా ఈ మాట నమ్ముతారా? నేను నమ్మడానికి చాలా రోజులు పట్టింది. అప్పుడు మన దేశం ఇక్కడ లేదు. దక్షిణాన, ధ్రువం వైపు, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో ఒకే ముక్కగా అతుక్కుని ఉన్నది. అందుకే ఈ నాలుక ఆకు అచ్చులు ఆ దేశాలన్నిటిలో దొరుకుతాయి. సముద్రాలు దాటి ఎగరగల విత్తనం కాదది. ఎగిరింది విత్తనం కాదు, జరిగింది నేల.

ఆ మహాఖండం పేరు గోండ్వానా. గోండుల దేశం పేరు. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మన దేశపు రాళ్ళకు ఆ పేరు పెట్టాడు. 1885లో ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని ఖండం మొత్తానికీ పెట్టాడు. నా క్లాసులో ఆఖరు బెంచీలో గోండు పిల్లలు కూచునేవాళ్ళు, ఆసిఫాబాదు వైపునుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేవాళ్ళు. ప్రపంచంలో ఏ దేశపు భూగోళం పుస్తకం తెరిచినా మీ పేరున్నదిరా అని వాళ్ళకు చెప్పి ఉంటే! చెప్పలేదు.

వీటన్నిటికంటే నన్ను కుంగదీసిన కథ మరొకటి. ఇంగ్లండు నుంచి వెళ్ళిన కెప్టెన్ స్కాట్, నలుగురు తోటివాళ్ళతో 1912 జనవరిలో దక్షిణధ్రువం చేరాడు. తిరుగుదారిలో ఆకలీ, చలీ వాళ్ళను మింగుతున్నాయి. ఫిబ్రవరిలో ఒకచోట ఆగి రాళ్ళు ఏరారు. సుమారు 16 కిలోలు. బరువు తగ్గించుకోవాలంటే మొదట పారేయవలసినవి అవే. పారేయలేదు. చచ్చిపోయేదాకా బండి మీద లాక్కుంటూనే వచ్చారు. నవంబరులో వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు శవాల దగ్గర ఆ రాళ్ళు దొరికాయి. వాటిలో ఉన్నది ఈ గ్లాసాప్టెరిస్ ఆకే.

వాళ్ళు ప్రాణం పోతున్నా పారేయలేదు. మేజా గుడ్డ మాసిందని నేను పారేశాను. ఆ పుస్తకం మూసి ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. "ఒంట్లో బాగాలేదా?" అని మా ఆవిడ నుదుటిమీద చెయ్యివేసి చూసింది. ఏమని చెప్పను?

ఇదంతా భూకంపం నాడు మనవరాలికి చెప్పాను, కిటికీ సంగతితో సహా. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆ అంకుల్‌కు చెప్పినవా తాతా, ఏం చెట్టో?" అన్నది.

చెప్పలేదు. సిగ్గు. ఇన్నేళ్ళూ అడ్డం పడింది సిగ్గే.

మనవరాలి పోరు పడలేక, పాత విద్యార్థులను నలుగురిని పట్టుకుని అతని ఫోను నంబరు సంపాదించాను. "నేనురా" అనగానే గొంతు గుర్తుపట్టాడు. "సార్!" అన్నాడు. ఫోనులో చెప్పేది కాదని, ఒకసారి ఇంటికి రమ్మన్నాను.

సంక్రాంతి అయ్యాక వచ్చిన ఆదివారం వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతిలో తువ్వాలు మూట. అడిగి తెమ్మన్నది మా మనవరాలట, నాకు తెలియకుండా మళ్ళీ ఫోను చేసి. ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట పక్కన ఏరుకొచ్చాడు. విప్పి నా ముందు పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, బల్ల మీద పరిచిన గుడ్డను పక్కకు జరిపి పెట్టాడు. వెక్కిరింత కాదు. అతనికి అట్లా అలవాటయిపోయింది, అంతే. నేను గుడ్డను మళ్ళీ లాగి, రాయిని దాని మీద పెట్టాను.

నల్లటి పలక. దాని మీద నాలుక ఆకు. మధ్య నరం, వలలాంటి ఈనెలు. 1979లో నేను చూడనిది.

చెప్పాను. ఆకు పేరు, చెట్టు సంగతి, మంచు, ఖండం, స్కాట్, అన్నీ. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఏడో తరగతి పిల్లవాడిలాగే విన్నాడు. అయిపోయాక, "గ్లాసాప్టెరిస్" అని రెండుసార్లు మెల్లగా అనుకున్నాడు. "నాయినకు గీ పేరు నోరు తిరగకపోవు సార్" అని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. మా ఆవిడ చాయ్ తెచ్చి, ఇద్దరినీ చూసి, కప్పులు అక్కడ పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

రాయిని మనవరాలికిచ్చి వెళ్ళాడు.

ఇవ్వాళ సోమవారం. పొద్దున్నే పిల్ల దాన్ని పాత శాలువలో చుట్టి, పుస్తకాల సంచీలో అడుగున పెట్టుకుని బడికి తీసుకుపోయింది, వాళ్ళ సైన్సు టీచరమ్మకు చూపిస్తానని. అక్కడ ఇన్‌స్పెక్షన్ ఏమయినా ఉన్నదేమో కనుక్కోమని కోడలితో అందామనుకుని, ఊరుకున్నాను. నాలుగున్నర అవుతున్నది. బడి బస్సు ఇంకా రాలేదు. వరండాలో కూచుని ఇది రాస్తూ, వీధి మలుపు వైపే చూస్తున్నాను.